మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు

మా అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడాది వాళ్ళ సైన్సు టీచరు పిల్లలకొక పని పెట్టింది. ఎవరింట్లో ఎంత కరెంటు కాలుతోంది, ఎన్ని నీళ్ళు పోతున్నాయి, కారుకి ఎంత పెట్రోలు పోయిస్తున్నారు, ఏం తింటున్నారు, ఏడాదికి ఎన్నిసార్లు విమానం ఎక్కుతున్నారు – ఇవన్నీ స్కూలువాళ్ళు చెప్పిన వెబ్‌సైట్‌లో నింపితే, ఆ ఇంటివల్ల గాలిలోకి ఎంత కార్బన్ పోతోందో అది లెక్కగట్టి చూపిస్తుంది. ముందొకసారి కొలవాలి. వేసవి సెలవులిచ్చేలోగా వీలైనంత తగ్గించి మళ్ళీ కొలవాలి. ఎలా తగ్గించారో ఆఖర్న తల్లిదండ్రులందరి ముందూ నిలబడి చెప్పాలి.

"అమ్మా, మన కరెంటు బిల్లేదీ?" అని అడిగింది ఆ సాయంత్రం.

నేను అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి యూనిఫాం మార్చుకుంటున్నాను. మనకి బిల్లు రాదని చెప్పాను. కువైట్‌లో మాలాంటి చాలామందికి కరెంటూ నీళ్ళూ అద్దెలోనే కలిసిపోయి ఉంటాయి. ఓనరు ఎంత కడతాడో, అసలు కడతాడో లేదో మాకెప్పుడూ పట్టలేదు.

"మరి మీటరెక్కడుంది?"

అదీ తెలియదన్నాను. ఫింటాస్‌లోని ఆ ఫ్లాటులో దిగేనాటికి పాపకింకా సరిగ్గా నడక రాలేదు. అన్నేళ్ళుగా ఉంటున్న ఇంటికి మీటరెక్కడుందో తెలియదని కూతురికి చెబుతూ ముఖం అల్మారా వైపు తిప్పుకున్నాను.

"పోనీ హాల్లో ఏసీ ఎప్పుడాపాం, గుర్తుందా?"

నవ్వేశాను. నవ్వాక ఆలోచించాను. చలికాలం ఆ కొద్ది వారాలూ తప్ప అది ఆగిన గుర్తు లేదు. ఇండియా వెళ్ళినప్పుడు కూడా, వేడికి, చెమ్మకి సామానంతా బూజు పడుతుందని ఎవరో చెబితే, సెలవంతా ఏసీ తిరుగుతూ ఉండగానే తాళం వేసి వెళ్ళిపోయాం. విమానంలో కూర్చున్నాక గ్యాసు కట్టేశానా లేదా అని కంగారుపడ్డాను గానీ, మనుషుల్లేని ఇంటిని చల్లబరుస్తున్నామని ఏ ఏడూ అనిపించలేదు.

నేను పుట్టి పెరిగింది పాలకొల్లు పక్కన. మా ఇంట్లో ఒక్కటే టేబుల్ ఫ్యానుండేది. అది తల అటూ ఇటూ తిప్పుతుంటే, నా వంతు గాలి నామీదికి వచ్చేదాకా కళ్ళు మూసుకుని ఎదురుచూసేదాన్ని. అలా పెరిగిన మనిషిని.

మర్నాడు పాపని వెంటబెట్టుకుని హారిస్ దగ్గరికి వెళ్ళాను. హారిస్ అంటే బిల్డింగ్ కాపలా చూసుకునే మనిషి. మాకున్నాయన ఈజిప్టు నుంచి వచ్చిన పెద్దాయన. అద్దెకుండేవాళ్ళ దగ్గర పోగేసుకున్న హిందీ ముక్కల్ని అరబ్బీలో కలిపి మాట్లాడతాడు. మీటరు చూడాలంటే ఆయనకి వింతగా తోచింది. "లేష్, సిస్టర్? ఎందుకు? నువ్వు కట్టేది లేదు కదా!" అంటూనే మెట్ల కిందున్న గది తాళం తీశాడు. వరసగా మీటర్లు. మాది చూపించాడు. పాప ఫోనుతో ఫొటో తీసుకుంది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. అంకెలు కదులుతూనే ఉన్నాయి. ఆ వేళప్పుడు పైన మా ఫ్లాటులో ఎవరూ లేరు.

లెక్క తేలిన రాత్రి ముగ్గురం సోఫాలో కూర్చున్నాం, పాప మధ్యలో. తెర మీద వచ్చిన అంకె మా ముగ్గురికీ అర్థం కాలేదు. దాని కింద వచ్చిన బొమ్మ అర్థమైంది. లోకంలో అందరూ మీలాగే బతికితే భూమి ఒక్కటి చాలదు, ఇన్ని కావాలని గుండ్రటి భూములు వరసగా వచ్చాయి.

"అయితే ఆ మిగతాయి ఎక్కడున్నాయో మీ టీచర్నడుగమ్మలూ, ఓటి మనం కొనేసుకుందాం," అన్నారు మా ఆయన.

పాప నవ్వలేదు. "మనం ముగ్గురమే కదమ్మా," అంది. "మనం అంత పెద్దవాళ్ళం కూడా కాదు కదా."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. మేం పెద్దవాళ్ళం కాదు. నేను ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని, ఆయన అల్ రాయ్‌లో కార్ల మెకానిక్కు. రెండు గదుల ఫ్లాటు, పాత కారు. దుబారా అంటే నా లెక్కలో పెద్ద పెద్ద విల్లాల్లో ఉండేవాళ్ళు చేసేది. రోగుల పక్కన నిలబడి ఉప్పు తగ్గించండి, పంచదార మానెయ్యండి అని రోజంతా చెబుతాను. ఎవరూ కొలవనంతకాలం నేను పొదుపైన మనిషినే.

సిగ్గుపడ్డ మనిషి ఊరికే కూర్చోలేదు. పాపకది స్కూలు పని, నాకు మాత్రం పట్టుదలైపోయింది. రాత్రిళ్ళు హాల్లో ఏసీ ఆపేశాను. బట్టలారబెట్టే మిషను ఆపేసి బాల్కనీలో దండెం కట్టాను. గాలిదుమ్ము పడి తెల్ల యూనిఫాం ఎర్రబారితే మళ్ళీ ఉతకాల్సి వచ్చింది, అయినా మానలేదు. ఇక్కడ కుళాయిలో వచ్చే నీళ్ళు సముద్రపు నీళ్ళని నూనె కాల్చి మంచినీళ్ళుగా మార్చినవని పాప చదివి చెప్పాక, షవరు కింద బకెట్టు పెట్టి, చెంబుతో పోసుకోమన్నాను. గోంగూర, మునక్కాడలు, తోటకూర మన దగ్గర్నుంచి విమానంలో వస్తాయి కాబట్టి కొనడం మానేశాను. వంకాయా దోసకాయా ఇక్కడ పండినవే తెచ్చాను.

గోంగూర మానేసినప్పుడు ఆయన ఒకటే మాటన్నారు. "ఆయ్, అలాగే. మనమే విమానంలో వచ్చేం కదా, గోంగూరెందుకు రాకూడదో తెలీదు గానీ."

ఇక్కడ సెలవురోజైన శుక్రవారం ఆరాధన అయ్యాక, చర్చి వెనక టీ తాగుతూ ఆడవాళ్ళతో ఇవన్నీ చెప్పేదాన్ని. ఎంత తగ్గించామో చెబుతుంటే నా గొంతులో గర్వం నాకే వినిపించేది. మా జిల్లా అమ్మాయొకతె, సాల్వాలో ఒకళ్ళింట్లో పనిచేసేది, నేను చెప్పేదంతా నోరు తెరుచుకుని విని, "ఏసీ లేకండా ఉండగలుగుతున్నారా అక్కా?" అంది. "అలవాటైతే ఏం లేదమ్మా, మనసు గట్టి చేసుకోవాలంతే," అన్నాను. "మా మామా, అదే మా మేడం వాళ్ళు, ఖాళీ గదులకీ ఏసీ యేత్తారు. డాబా మీద నా గదికి మాత్రం లేదు. నేను మనసు గట్టి చేసుకునే ఉన్నానండి, అయినా నిద్ర పట్టదు," అంది. వెటకారమేం లేదు, మామూలుగానే అంది. నేను టీ కప్పు పెట్టే వంకతో అక్కణ్ణుంచి లేచాను. ఆ రోజే నాకు తట్టాల్సింది. తట్టలేదు.

మే నెల వచ్చింది. రెండోసారి కొలిచే గడువు దగ్గరపడుతోంది. పాప ఒక రాత్రి అన్నం తింటూ, ఇంకా తగ్గించడానికి ఏముందని అడిగింది. నేను వెంటనే అన్నాను:

"మధ్యాహ్నం ఏసీలు ఊరికే తిరుగుతున్నాయి కదా. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు. పొద్దున్న నేను వెళ్ళేటప్పుడు ఏసీల మెయిన్ దగ్గరే ఆపేస్తాను. సాయంత్రం నువ్వొచ్చాక వేసుకో."

ఆయన నా ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటున్నారు. చెయ్యి ఆగింది.

ఆయన పని ఇక్కడి షాపులన్నిటిలాగే రెండు పూటలు. పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నం ఇంటికొస్తారు. స్నానం చేసి, నేను వండిపెట్టి వెళ్ళిన అన్నం తిని, కాసేపు పడుకుని, మళ్ళీ వెళ్ళి పొద్దుపోయాక వస్తారు. అల్ రాయ్ నుంచి ఫింటాస్‌కి దగ్గరేం కాదు. నా ఆసుపత్రికి నడిచి వెళ్ళొచ్చని ఇక్కడ ఇల్లు తీసుకున్నాం గానీ ఆయన పనికోసం కాదు. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన రోజు అలాగే ఉంది. అది నాకు తెలియకపోవడమేమిటి?

మర్చిపోయానని చెప్పుకుందామని చాలాసార్లు చూశాను. మర్చిపోలేదు. ఆ మాట అంటున్నప్పుడే ఆయన గుర్తొచ్చారు. ఎంతలే, కాసేపే కదా, రేకుల షెడ్డులో పనిచేసే మనిషికి ఈ వేడొక లెక్కా అనుకున్నాను. అనుకుని మాట పూర్తిచేశాను.

"ఆయ్, ఆపేయండి," అన్నారాయన. "నాకేం ఇబ్బంది లేదు. ఫ్యానోటి కొనుక్కుంటాను."

"థాంక్యూ నాన్నా!" అని పాప ఎడంచేత్తో ఆయన భుజం చుట్టుకుంది. ఆయన మురిసిపోయారు.

ఫ్యాను కొన్నారు. మే నెలలో మూసిన ఫ్లాటులో ఫ్యాను తిరిగితే పొయ్యి ముందు విసనకర్ర ఊపినట్టే ఉంటుంది. నేనా సంగతి తర్వాత తెలుసుకున్నాను. అప్పటికి మా వార్డులో చలికి స్వెటరు వేసుకుని తిరుగుతున్నాను. పాప స్కూల్లో ఏసీ, బస్సులో ఏసీ. రాత్రి ఆయన వచ్చేసరికి ఇల్లు చల్లగా ఉండేది, మేం నవ్వుతూ ఉండేవాళ్ళం. మధ్యాహ్నం ఎలా ఉందని నేనొక్కరోజూ అడగలేదు. పాప అడిగితే, "బాగానే ఉందమ్మలూ, కునుకు పట్టేసింది," అనేవారు.

గడువుకి కొద్దిరోజుల ముందు దుమ్ము లేచింది. ఇక్కడివాళ్ళు తోజ్ అంటారు. ఆకాశం నారింజరంగులోకి తిరిగి, ఎదురు బిల్డింగు కూడా కనిపించకుండా పోతుంది. ఆసుపత్రి ఆయాసం రోగులతో నిండిపోయింది. ఒకళ్ళకి నెబ్యులైజరు పెడుతుండగా నా ఫోను మోగింది. హారిస్. ఆయన నాకెప్పుడూ ఫోను చెయ్యడు.

"సిస్టర్, నీ భర్త తాబాన్. చాలా తాబాన్. టాక్సీలో తీసుకొస్తున్నా," అన్నాడు. తాబాన్ అంటే ఒంట్లో బాగాలేదని.

వాళ్ళు వచ్చేసరికి క్యాజువాలిటీ గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన హారిస్ భుజం మీద వాలి నడుస్తున్నారు. చొక్కా మీద వాంతి. నన్ను చూసి నవ్వబోయారు. "తలనెప్పి కొంచెం... దుమ్ముకి అనుకుంటా," అన్నారు. మాట ముద్దగా వస్తోంది. మంచమెక్కించాం. ఆక్సిజన్ మాస్కు నేనే తగిలించాను. ఎలాస్టిక్ చెవుల వెనక రెండుసార్లు తప్పుగా సర్దాను. కొన్ని వందలమందికి తగిలించిన చేతులు.

డాక్టరు వచ్చి ఏం జరిగిందని అడిగారు. మా ఆయన మాస్కు కొంచెం ఎత్తి, "కార్లో కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నానండి, కళ్ళు తిరిగినియ్యి," అన్నారు ఇంగ్లీషూ హిందీ కలిపి.

"కారు ఎక్కడుంది?"

"బేస్‌మెంట్‌లో."

"ఇంజన్ ఆన్‌లో ఉందా?"

ఆయన మాస్కు మళ్ళీ కిందికి లాక్కున్నారు. హారిస్ మాట్లాడాడు. ఆ మనిషికి మమ్మల్ని ఇరుకున పెట్టాలని లేదు, డాక్టరు అడిగారు కాబట్టి ఉన్నది చెప్పాడు.

"డాక్టర్, ఈయన రోజూ అక్కడే పడుకుంటాడు. మధ్యాహ్నం వస్తాడు, పైకి వెళ్తాడు, స్నానం చేసి కిందకి వస్తాడు, కార్లో ఏసీ వేసుకుని పడుకుంటాడు. రోజూ షట్టర్ తెరిచి ఉంటుంది, గాలి వస్తుంది, మాఫీ ముష్కిల్, ఇబ్బంది లేదు. ఇవాళ తోజ్ కదా, లోపలికి దుమ్ము రాకుండా నేనే షట్టర్ దించేశాను. ఈయన ఉన్నాడని చూడలేదు. తర్వాత ఇంజన్ చప్పుడు విని వెళ్ళి చూశాను. యా రబ్, దేవుడా, నాదే తప్పు."

డాక్టరుకి అర్థమైంది. పొగలోని విషవాయువు ఎక్కి ఉంటుందని రక్తం పరీక్షకి రాశారు. తర్వాత ఎంతో సహజంగా, జబ్బు మూలం తెలుసుకోవడానికి అడిగినట్టే నావైపు తిరిగారు.

"ఇంట్లో ఏసీ పాడైందా, సిస్టర్?"

మా ఇన్‌ఛార్జి నర్సు అక్కడే ఉంది. నాతోపాటు పనిచేసే ఇద్దరు నర్సులున్నారు. వాళ్ళందరికీ మా ఇంటి పొదుపు కథ తెలుసు. నేనే చెప్పాను, రోజూ భోజనాల దగ్గర. పాడైందంటే సరిపోయేది. పాడవలేదంటే ఇంకా నయం. రెండూ అనలేక తల దించుకుని సిరంజి మీది కవరు చింపుతూ నిలబడ్డాను. మా ఆయన మాస్కులోంచే, "అవునండి, పాడైంది. బాగుచేయించాలి," అన్నారు.

ఇన్‌ఛార్జి నా మొహం వంక చూసి పరదా లాగింది. ఆవిడ తిట్టినా బాగుండేది.

హారిస్ బయట బెంచీ మీద కూర్చుని తల పట్టుకున్నాడు. తన తప్పేమీ లేదని వెళ్ళి చెప్పాల్సింది నేను. చెప్పడానికి వెళ్ళి, టాక్సీకి ఎంతైందని అడిగి తిరిగొచ్చాను.

సాయంత్రానికి ఆయన తేరుకున్నారు. డాక్టరు పంపించారు. ఇంటికొచ్చేసరికి పాప ఇంకా ట్యూషన్ నుంచి రాలేదు. పడకగదిలో ఏసీ వేసి ఆయన్ని పడుకోబెట్టి పక్కన కూర్చున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. అడగడం కూడా తిట్టినట్టే వచ్చింది.

"ఏం చెప్పమంటావ్? ఫ్యాను కింద పడుకుందావని చూసేను. మంచం కాల్తంది, దిండు కాల్తంది. ఏసీ యేద్దావంటే సాయంత్రం పాప కిందకెళ్ళి మీటరు చూసుద్ది కదా. పెరిగిందంటే దాని మొకం చిన్నబోద్ది. కారైతే ఎవరిక్కనపడుద్ది?"

"పెట్రోలు లెక్క కూడా అది రాసుకుంటోందిగా."

ఆయన కళ్ళు మూసుకుని నవ్వారు. "పెట్రోలు లెక్క నన్నే కదా అడిగేది. తగ్గించి చెప్పేను."

"ఇంజన్ల గురించి నాకంటే మీకే తెలుసు కదండీ! మూసిన చోట..."

"షట్టరు తీసుంటది కదా అనుకున్నా. ఇయ్యాల పడుకున్నాక దించేసినట్టున్నాడు. ఆడి తప్పేం కాదు, ఆణ్ణేం అనకు." దిండు సర్దుకుంటూ మళ్ళీ అన్నారు, "అయినా సిగ్గేసిందే నాకు. మీరిద్దరూ అన్నీ మానుకుని ఉంటన్నారు. నేనొక్కణ్ణే కాసేపు ఉక్కబోతకి ఆగలేకపోతే ఎలాగ?"

మేమేం మానుకున్నాం? నాకు ఒక్కటీ తోచలేదు. చెంబుతో నీళ్ళు పోసుకున్నాం. గోంగూర ఆయనకే ఇష్టం, నాకూ పాపకీ కాదు. మేం పొద్దస్తమానం చల్లటి చోట ఉండి ఇంటికొచ్చాం. మా ఇంటి లెక్కలో తగ్గిందేదైనా ఉంటే అది ఆయన ఒంటి మీదే తగ్గింది. అది ఆయనతో అనలేకపోయాను. జావ కాస్తానని వంటింట్లోకి వెళ్ళాను.

పాపకి చెప్పొద్దన్నారాయన. దాచేంత చిన్నది కాదది. మంచం పక్కనున్న ఆసుపత్రి మాత్రలు చూసి, ఏడుస్తూ అన్నీ అడిగింది. నేనే చెప్పాను. మధ్యాహ్నం ఎవరూ ఉండరని నేనన్న మాటతో సహా చెప్పాను. పాప నన్నేమీ అనలేదు. "నేను కూడా నాన్న వస్తారని అనలేదు కదమ్మా," అంది. నామీద కోప్పడితే భరించేదాన్ని. తను కూడా ఆ తప్పులో వాటా తీసుకోవడం భరించలేకపోయాను.

మర్నాడు వాళ్ళ నాన్న పక్కన కూర్చుని పెట్రోలు లెక్క సరిగ్గా చెప్పమంది. ఆయన బతిమాలారు. "వద్దమ్మలూ, మీ టీచరు నవ్వుద్ది. నాన్న కార్లో పడుకున్నాడని ఎవరితోటీ అనకు తల్లీ." ఎవరితోనూ అననని మాటిచ్చింది, కానీ అంకె మాత్రం మార్చింది. వెబ్‌సైటు కొత్త లెక్క చూపించింది. కరెంటు తగ్గింది, పెట్రోలు పెరిగింది, మొత్తం మీద మొదలుపెట్టిన దగ్గరే ఉన్నాం.

నేను ఆ రాత్రి పాపని పక్కకి పిలిచి, జ్వరమని సెలవు పెట్టమన్నాను. "టీచరుకి నేను ఫోన్ చేస్తాను," అన్నాను. పాప నావంక చూసిన చూపు చెప్పలేను. "ఎందుకమ్మా? నాకు జ్వరం లేదుగా," అంది.

స్కూలు హాల్లో కుర్చీలేశారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, సగంపూట సెలవు పెట్టి వచ్చారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మాట్లాడుతున్నారు. ఎవరో బల్బులు మార్చారు, ఎవరో వారానికోరోజు మాంసం మానేశారు. అందరి గీతలూ కిందికే దిగాయి. అందరికీ చప్పట్లు. మా పాప వంతొచ్చింది. కరెంటు గీత కిందికి దిగడం చూసి మా వెనక వరస ఆవిడ, "అబ్బో!" అంది. ఆ పక్కనే పెట్రోలు గీత పైకి లేచింది.

"ఇదేమిటి? కారు ఎందుకంత పెరిగింది?" అని అడిగింది టీచరు. మంచిగానే అడిగింది.

పాప ఒక్క క్షణం మావైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నారు.

"మా ప్లాన్ తప్పు, టీచర్," అంది పాప. "నేను సరిగ్గా ఆలోచించలేదు. ఒకచోట ఆపేస్తే ఇంకోచోట ఖర్చయింది."

"ఇంకాస్త జాగ్రత్తగా ప్లాన్ చేసుకోవాల్సింది కదా, నాన్నా," అంది టీచరు. పిల్లలు కొందరు నవ్వారు. పాప తలూపి దిగిపోయింది.

ఆ ప్లాన్ నాది. హాల్లో నేను లేచి, "అది నేను చేసిన పని, టీచర్," అంటే అయిపోయేది. ఆయన పరువు పోకుండానే చెప్పడానికి మాటలు కూడా ఉన్నాయి. లేవడానికి కుర్చీ చేతిని పట్టుకున్నాను కూడా. మా ఆసుపత్రిలో నాతో పనిచేసే నర్సు రెండు వరసల ముందు కూర్చుని ఉంది, వాళ్ళబ్బాయీ అదే స్కూలు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నేను కుర్చీని వదిలేసి, పాపకోసం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. తిరిగొచ్చేటప్పుడు కార్లో పాప కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కొలవడం మేం మానలేదు. మానేద్దామన్నది నేను, వద్దన్నది పాప. ఇప్పుడు ఎండాకాలమంతా ముగ్గురం ఒకే గదిలో పడుకుంటున్నాం. హాలు మూసేసి ఉంచుతాం. ఎవరైనా వస్తే ఆ గదిలోనే మంచం మీద కూర్చోబెడతాం, వాళ్ళకది ఇబ్బందిగా ఉంటుంది, పర్వాలేదు. ఇండియా వెళ్ళేటప్పుడు ఏసీలన్నీ ఆపి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి సోఫాకి నిజంగానే బూజు పట్టింది. తుడుచుకున్నాం. మొదటిసారి కంటే మా అంకె తగ్గింది, అంత గొప్పగా ఏం కాదు. గోంగూర మళ్ళీ కొంటున్నాను.

ఒక్కటి మాత్రం ముగ్గురికీ తెలిసీ ఎవరం మాట్లాడం. మా ఇంటి లెక్కలో ఇప్పుడు పెద్దది ఆయన మధ్యాహ్నం ఇంటికి వచ్చి వెళ్ళడానికయ్యే పెట్రోలే. అల్ రాయ్ దగ్గర్లో ఇల్లు తీసుకుంటే అది పోతుంది. అప్పుడు నేను బస్సెక్కి డ్యూటీకి వెళ్ళాలి. ఆయన ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పాప వెబ్‌సైట్‌లో ఆ గడి నింపేటప్పుడు నేను వంటింట్లో ఏదో ఒక పని పెట్టుకుంటాను.

కిందటి జులైలో ఒకరోజు నాకు డ్యూటీ మారి మధ్యాహ్నం ఇంట్లో ఉన్నాను. ఇద్దరి సెలవూ శుక్రవారమే కాబట్టి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ వేళ పని నుంచి ఇంటికి రావడం నేను చూడటం అదే మొదలు. తాళం తిప్పిన చప్పుడైంది. ముఖమంతా కందిపోయి ఉంది. చొక్కా వీపు మీద చెమట ఆరి తెల్లగా ఉప్పు చారలు కట్టింది. చెప్పులు విప్పి, సోఫా దాకా రాకుండా, గుమ్మం పక్కనే నేల మీద గోడకి చేరబడి కూర్చున్నారు. నేల పలకల మీద అరచేతులు రెండూ ఆనించి కళ్ళు మూసుకున్నారు. నేనున్నానని తెలియదు.

నేను మంచినీళ్ళు తీసుకుని వెళ్తే ఉలిక్కిపడి లేవబోయారు. అలా దొరికిపోయినందుకు ఆయనే సిగ్గుపడుతున్నారు.

"నువ్వున్నావా? డ్యూటీ లేదా?"

"లేదు. కూర్చోండి. గదిలో ఏసీ వేశాను."

"ఎప్పుడేసేవ్?"

"మీరు రాకముందే."

"అయ్యో, ఖాళీ గదికి ఎందుకే?" అన్నారాయన.

గ్లాసు ఆయన చేతికిచ్చి, అక్కడే నేల మీద పక్కన కూర్చున్నాను. ఆయన నీళ్ళన్నీ తాగి, గ్లాసు తిరిగిచ్చి, స్నానానికి లేచారు.